ఇకమీదట నా ముందు ఎవరూ ‘సవతి తల్లి ప్రేమ’ అనకండి

రెండు నెలలుగా ఏమీ రాయలేదు. మా అత్తగారు బాత్‌రూమ్‌లో జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ అయింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని పది అడుగులు వేస్తున్నారు. ఆవిడకి డెబ్బై ఏళ్లు. మధ్యాహ్నం ఆవిడ కునుకు తీసే గంటన్నరలో కూర్చుని ఇది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను, ముందే చెప్తున్నా.

‘మా అత్తగారు’ అన్నాను కదా, మా చుట్టాలెవరైనా పక్కనుంటే వెంటనే సరిదిద్దుతారు. ‘చిన్నత్తగారు’ అనాలిట. ఆవిడ మా మామగారి రెండో భార్య. మావారికి పిన్ని. మావారి సొంత అమ్మ ఆయనకి మూడేళ్లు నిండకుండానే పోయారు. ఆవిడ ముఖం ఆయనకి ఫొటోలో తప్ప తెలియదు. అయినా ఈవిడని ‘అమ్మా’ అని పిలవలేదు ఎప్పుడూ. పిలవనివ్వలేదు. అమ్మమ్మగారు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని ‘అమ్మ అనకు, పిన్ని అను’ అని చెప్పి వెళ్లేవారట. మూడేళ్ల పిల్లాడికి ఏం తెలుస్తుంది? అన్నాడు. నలభై రెండేళ్లు వచ్చినా అదే అంటున్నాడు.

మీలో విశాఖ వాళ్లకి గుర్తుండే ఉంటుంది. 2021 జనవరి ఆఖర్లో స్టీల్ ప్లాంటు అమ్మేస్తారని కబురు వచ్చాక, ఫిబ్రవరి నుంచి కూర్మన్నపాలెం జంక్షన్‌లో దీక్షా శిబిరం వేశారు. ఉక్కు కుటుంబాల ఆడవాళ్లు కూడా వెళ్లి కూర్చునేవాళ్లు. మా మామగారు ప్లాంటులో పని చేసి 2010లో రిటైర్ అయ్యారు, 2019లో పోయారు. అత్తయ్య నన్ను వెంటబెట్టుకుని వెళ్లారు. ‘మీ మావగారు ఉంటే ఈపాటికి ఇక్కడే పడుకునీవోరు’ అన్నారు. మైకు ముందు ఒకాయన గట్టిగా మాట్లాడుతున్నాడు. మన ప్లాంటుకి సొంత ఇనుప గనులు లేవు, ఇవ్వలేదు, ఆయన ఆవేదనలో న్యాయం ఉంది. కానీ ప్రతి రెండు వాక్యాలకీ ఒకసారి ‘కేంద్రం మన మీద సవతి తల్లి ప్రేమ చూపిస్తోంది’ అంటున్నాడు. జనం చప్పట్లు. నేను పక్కకి చూశాను. అత్తయ్య పైటచెంగు భుజం మీదికి లాక్కుని, మైకు వైపే చూస్తూ, అందరితోపాటు చప్పట్లు కొట్టారు.

ఆటోలో తిరిగొస్తూ అడిగాను, బాధ వెయ్యలేదా అత్తయ్యా అని. ‘ఆ మాట నాకు కాదులేమ్మా, గవర్నమెంటుకి’ అన్నారు. నాలుగేళ్లు దాటినా ఆ సమాధానం నాకు మింగుడు పడలేదు.

ఈవిడ కథ చెప్తాను, తర్వాత ఆ మాట న్యాయమో కాదో మీరే చెప్పండి. ఈవిడది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. తండ్రి పోయాక తమ్ముళ్లని పెంచి, వాళ్లకి పెళ్లిళ్లు చేసేసరికి ఈవిడకి ముప్ఫై ఒకటి వచ్చాయి. 1986లో మా వైపు ఆడపిల్లకి ముప్ఫై ఒకటి అంటే ఇంక ఏ సంబంధం వస్తుంది? ముగ్గురు పిల్లల తండ్రి సంబంధం వచ్చింది. పెద్దబ్బాయికి పదకొండు, అమ్మాయికి ఎనిమిది, చిన్నవాడికి మూడు. మొదట గాజువాకలో అద్దె ఇల్లు, తర్వాత ఉక్కునగరంలో క్వార్టర్. ఏ షిఫ్టు అయితే నాలుగింటికే లేచి క్యారేజీ కట్టడం. సి షిఫ్టు అయితే పగలు ఆయన నిద్రకి అడ్డు రాకుండా ముగ్గురు పిల్లల్నీ వీధి అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించడం. గోడ మీద పెద్దావిడ ఫొటోకి ప్రతి శుక్రవారం పువ్వు పెట్టేది ఈవిడే. కన్న కొడుకులు ఎన్నడైనా పెట్టారా అంటే, నేను కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో చూడలేదు.

ఒక్కసారే ఈవిడకి నెల తప్పింది. ‘ఉన్న ముగ్గురు చాలరా, సొంతం పుడితే వీళ్లని చూస్తుందా’ అని పెద్దవాళ్లంతా కూర్చుని తేల్చారు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. నాకు మా చిన్నది కడుపులో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం చోడి అంబలి కలిపి ఇస్తూ చెప్పారు, ‘మూడు నెల్లు ఉన్నాదమ్మా’ అని. అంతే. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేను ఎత్తలేదు.

2013లో మామగారికి పక్షవాతం వచ్చింది. ఆరేళ్లు మంచం మీద. కుడివైపు పడిపోయింది, మాట పోయింది, కోపం మాత్రం పోలేదు. గ్లాసులు విసిరేవారు. రెండు గంటలకొకసారి పక్క తిప్పకపోతే వీపు పుండ్లు పడతాయని డాక్టర్ చెప్తే, రాత్రిపూట గడియారానికి అలారం పెట్టుకుని మరీ తిప్పేవారు ఈవిడ. ఆరేళ్లలో ఆయనకి ఒక్క పుండు పడలేదు. మంచం పట్టిన మనిషిని చూసుకున్న వాళ్లకి ఆ ఒక్క వాక్యం విలువ తెలుస్తుంది. హైదరాబాదు నుంచి పెద్ద కొడుకు ఏడాదికి రెండుసార్లు వచ్చి, అరగంట చెయ్యి పట్టుకుని కూర్చుని, ‘నాన్నని బాగానే చూస్తున్నారు పిన్నీ’ అని సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లేవారు.

ఇప్పుడు ఈవిడ మంచాన పడ్డారు. ఆపరేషన్ అయిన మూడో రోజు, ఆస్పత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని ముగ్గురూ కూర్చున్నారు. నేను ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని నిలబడ్డాను. మా బావగారు మొదలుపెట్టారు. ‘ఆవిడకి తమ్ముళ్లు ఉన్నారు కదా. వాళ్లకీ బాధ్యత ఉంటుంది. కొన్నాళ్లు ఊళ్లో ఉంటే గాలి మారుతుంది.’ మా వదిన అందుకున్నారు. ‘అవునురా, మా అత్తగారితోనే సతమతమవుతున్నాను. అమ్మైతే వేరు. ఎలాగో పడేదాన్ని.’

అమ్మైతే వేరు! నాకు చేతిలో ఫ్లాస్కు విసిరెయ్యాలనిపించింది. మీ జడలు వేసిందెవరు వదినా? మీ రెండు పురుళ్లూ పోసిందెవరు? అడగలేదు. నలుగురిలో కోడలు నోరెత్తకూడదు అని పుట్టింట్లో నేర్పిన పాఠం ఒకటుంది కదా, అది పనికిమాలిన చోట బాగా పనిచేస్తుంది.

అసలు ఈ ‘సవతి తల్లి’ అనే మాటకి అంత చెడ్డపేరు ఎందుకొచ్చిందో ఈ రెండు నెలలూ ఆలోచించాను. రామాయణంలో ముగ్గురు తల్లులున్నారు. రాముడికి కైక ఎంత సవతి తల్లో, సుమిత్రా అంతే. ఆవిడ తన కన్నకొడుకుని సవతి కొడుకు వెంట పద్నాలుగేళ్లు అడవికి పంపింది. దాన్ని మనం సవతి తల్లి ప్రేమ అనం. త్యాగం అంటాం, తమ్ముడి భక్తి అంటాం, ఆవిడ పేరు కూడా రెండోసారి తలవం. కైక పేరు మాత్రం వాడవాడలా తెలుసు. ధ్రువుడి కథలో సురుచి, సారంగధరుడి కథలో చిత్రాంగి. పిల్లలకి చెప్పే కథలు ఇవే.

రెండో భార్యలు ఎక్కడినుంచి వచ్చారో మాత్రం చెప్పం. పక్కనే ఉన్న విజయనగరంలో గురజాడ వారు రాశారు కదా కన్యాశుల్కం. 1892లో మొదటిసారి ఆడారు. అందులో ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్ల సుబ్బిని కట్టబెట్టబోతారు. లుబ్ధావధాన్లుకి అప్పటికే మీనాక్షి అనే ఎదిగిన, వితంతువైన కూతురుంది. ఆ పెళ్లే జరిగి ఉంటే సుబ్బి మీనాక్షికి సవతి తల్లి! నాటకం చూసి మనం నవ్వుకుంటాం గానీ, అలా నిజంగా పెళ్లయి వచ్చి తమకంటే పెద్ద పిల్లలకి తల్లులైన పసివాళ్లు ఎంతమందో. వాళ్లని అమ్మింది తండ్రులు, కొన్నది మొగుళ్లు. చెడ్డపేరు వచ్చింది మాత్రం ఆ పిల్లలకి. రెండో పెళ్లి చేసుకున్న మగాడికి మన భాషలో ఒక్క తిట్టు కూడా లేదు చూడండి.

‘చెడ్డ సవతి తల్లులు లేరా’ అంటారు మీలో కొందరు. ఎందుకు లేరు! నాతో చదువుకున్న ఒక అమ్మాయి చేతుల మీద అట్లకాడ వాతలు నేను చూశాను. ఆ అమ్మాయి ఇవాళ ఆవిడని చూడనంటే నేను ఒక్క మాట కూడా అనను. కన్నతల్లి వాతలు పెట్టినా అదే చెప్తాను. కానీ నా స్నేహితురాలి చేతుల మీది మచ్చల్ని చూపించి మా బావగారు తప్పించుకోవడానికి లేదు. ఆయన చేతుల మీద ఏ మచ్చా లేదు. ఉన్నదల్లా ఈవిడ పెట్టిన మెంతి పులుసు, ఎండు నెత్తళ్ల వేపుడు తిని పెరిగిన ఒళ్లు.

సరే, ప్రేమ సంగతి వదిలేద్దాం, చట్టం ఏమంటుందో చూద్దాం అని మొదలుపెట్టాను. నేను లాయర్ని కాదు, ఓ లాయరు అక్క దగ్గర కూర్చుని తెలుసుకున్నాను. మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఉంది. వృద్ధాప్యంలో ఉన్న తల్లిదండ్రులని పోషించాల్సిన బాధ్యత కొడుకులదీ కూతుళ్లదీ అని 20వ సెక్షన్ చెప్తుంది. కొడుకులదే కాదు వదినా, కూతుళ్లది కూడా! అక్కడే వివరణలో, తల్లిదండ్రులు అంటే ‘సంతానం లేని సవతి తల్లి’ కూడా అని రాశారు. 1996లో సుప్రీంకోర్టు కూడా కీర్తికాంత్ వడోదరియా కేసులో, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 కింద మామూలుగా ‘తల్లి’ అంటే సవతి తల్లి రాదు గానీ, పిల్లలు లేని సవతి తల్లి వితంతువైనా, భర్త పోషించలేని స్థితిలో ఉన్నా సవతి కొడుకుని మనోవర్తి అడగవచ్చు అని చెప్పింది. 2007లో వచ్చిన వయోవృద్ధుల చట్టంలో తల్లిదండ్రులు అనే మాటకి అర్థం చెప్తూ సవతి తండ్రినీ సవతి తల్లినీ నేరుగా చేర్చారు. కానీ అదే చట్టంలో ‘పిల్లలు’ అన్నచోట కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు అని ఆపేశారు. సవతి పిల్లలు అనే మాట లేదు. ఆ మాట చేరుస్తూ, అల్లుళ్లనీ కోడళ్లనీ కూడా చేరుస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

‘సంతానం లేని’ అన్న ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సవతి పిల్లల దగ్గర హక్కు అడగాలంటే సొంత బిడ్డ ఉండకూడదు. మా అత్తయ్యకి ఆ అర్హత ఎలా వచ్చిందో నాకు తెలుసు. ఆస్పత్రికి తీసుకెళ్లి మరీ సంపాదించిపెట్టారు మావాళ్లు. ఆ అర్హతతో ఇప్పుడు వాళ్ల బిడ్డల్నే అడగాలి. అడిగితే, తమ్ముళ్లు ఉన్నారు కదా అంటున్నారు.

ఇంకో విషయం. ఇది చదివే రెండో భార్యలు, వాళ్ల కోడళ్లు, జాగ్రత్తగా వినండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం భర్త వీలునామా రాయకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకి ఒక్కో బిడ్డతో సమానంగా వాటా వస్తుంది. రెండో భార్య అయినా అంతే, మొదటావిడ పోయాక చేసుకున్న పెళ్లి కాబట్టి. మా మామగారు కూర్మన్నపాలెం దగ్గర కట్టించిన ఇంట్లో మా అత్తయ్యకి నాలుగో వంతు ఉండేది. ఉండేది అంటున్నాను. 2022లో ఇల్లు అమ్మేటప్పుడు, ‘సంతకాలు ఎక్కువైతే ఇబ్బంది పిన్నీ’ అని హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టించుకున్నారు. ఈవిడ పెట్టేశారు. ‘నా పిల్లలే కదమ్మా’ అన్నారు. డబ్బు మూడు వాటాలైంది. అందులో ఒక వాటా మా షీలానగర్ ఫ్లాటు అప్పులోకి వెళ్లింది, అది దాచను. ఆ రోజు నేనూ నోరు మూసుకునే ఉన్నాను.

తమాషా ఏమిటంటే, భర్త నుంచి వచ్చిన ఆస్తిని అలాగే ఉంచుకుని, వీలునామా రాయకుండా, సొంత పిల్లలు లేకుండా ఈవిడ పోయినా, అది భర్త వారసులకే వెళ్తుంది. అంటే ఈ ముగ్గురికే. పదేళ్లో పదిహేనేళ్లో ఆగితే వచ్చేదే. ఆగలేకపోయారు. తీసుకునేటప్పుడు వారసులం, చూసుకునేటప్పుడు పిన్నికి తమ్ముళ్లున్నారు!

అందుకని, మీ ఇళ్లలో ఏ పెద్దావిడ అయినా ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టబోతుంటే, చెయ్యి పట్టుకుని ఆపండి. 2007 చట్టం 23వ సెక్షన్ ప్రకారం, నన్ను చూసుకోవాలి అనే షరతుతో ఆస్తి రాసిచ్చి, తర్వాత వాళ్లు చూడకపోతే ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. కానీ ఆ షరతు ఉందని చూపించాలి. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తల్లి రాసిచ్చిన విడుదల పత్రం విషయంలో, అలాంటి షరతు కనబడలేదు కాబట్టి ఈ సెక్షన్ వర్తించదు అంది. షరతు అంటే నోటిమాట కాదు, ఆ పత్రంలోనే రాయించండి. ‘మా మీద నమ్మకం లేదా’ అంటారు. ‘నమ్మకం ఉంది నాయనా, అది కూడా ఒక లైను రాయండి’ అనండి. మనోవర్తికి ఆర్డీవో ఉండే ట్రిబ్యునల్‌కి పెద్దవాళ్లు స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి గరిష్ఠంగా 10,000 రూపాయలు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567. ఈ నంబరు మా ఫ్రిజ్ మీద రాసి అంటించాను. మా వదిన వచ్చినప్పుడు చూశారు. ఏమీ అనలేదు.

ఇప్పుడు నా సంగతి. నన్ను మంచి కోడలు అనుకోవద్దు, ఆ బిరుదంటేనే నాకు ఒళ్లుమంట. చట్టం ప్రకారం చూస్తే నేనీ ఇంట్లో ఎవరికీ బాధ్యురాలిని కాను. బాధ్యత ఉన్న ముగ్గురూ కుర్చీల్లో కూర్చుని చర్చిస్తుంటే, బెడ్‌పాన్ పెట్టింది నేను. ‘నువ్వుండబట్టి సరిపోయింది’ అంటారు అందరూ. నేనుండబట్టే వాళ్లకి సరిపోయింది. ముప్ఫై తొమ్మిదేళ్ల కిందట ఈ ఇంట్లో ముగ్గురు పిల్లల్ని పెంచే పనికి ఒక పరాయి పిల్లని తెచ్చి పెట్టారు. ఇప్పుడు ఆవిడని చూసే పనికి ఇంకో పరాయి పిల్ల ఉంది. రక్తం రక్తం అనేవాళ్లు ఎవరూ రక్తపు గుడ్డ ముట్టుకోరు.

పైగా నేనూ తప్పు చేశాను. ఆపరేషన్‌కి ముందు నర్సమ్మ ‘మీ అత్తగారా?’ అని అడిగింది. నేను ‘మావారి పిన్ని’ అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. ఎక్కడో లోపల, ఇది పూర్తిగా నా బరువు కాదు అని చెప్పుకోవాలనిపించిందేమో. అత్తయ్య స్ట్రెచర్ మీద కళ్లు మూసుకుని ఉన్నారు. విన్నారో లేదో. విన్నారనే నా అనుమానం.

ఇంటికొచ్చాక మావారితో గట్టిగా మాట్లాడాను. అరిచాను అనడం సబబు. ‘రాత్రిళ్లు నువ్వు చూడు, నేను చూడను’ అన్నాను. మగాడిని, ఆడమనిషికి నేనెలా చేస్తాను అన్నారు. ‘ఆవిడ నీకు కడిగినప్పుడు నువ్వు మగాడివి కాదా’ అని అడిగాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రాత్రి లేచి చూస్తే, ఆవిడ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నారు. ఆవిడకే సిగ్గు, ‘నాకెందుకురా ఈ బతుకు, నువ్వెళ్లి పడుకో’ అని గొణుగుతున్నారు. ఆయన కదలలేదు. ఇప్పుడు రాత్రి పని ఆయనదే. నేర్చుకున్నారు. పెద్ద విద్యేమీ కాదు కదా.

మిగతా ఇద్దరికీ ఫోన్‌లో చెప్పాను, మావారిని పక్కన కూర్చోబెట్టుకునే. ఏడాదిలో నాలుగేసి నెలలు ముగ్గురూ చూడాలి, లేదా పగటి ఆయా జీతం మూడు వాటాలు వేసుకోవాలి. ఇల్లు అమ్మినప్పుడు మూడు వాటాలు ఎంత బాగా వేశారో, అలాగే. వదిన నెలకి తన వంతు పంపుతానన్నారు. ఒక నెల పంపారు, పదకొండో తారీఖున. బావగారు మొదట ‘నీకెందుకమ్మా ఈ గొడవలన్నీ’ అన్నారు. తర్వాత, నడక వచ్చాక సంక్రాంతి వెళ్లగానే తీసుకెళ్తాను అన్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో కింద బెర్తు దొరుకుతుందో లేదో చూడమని నేను అప్పుడే మావారికి చెప్పాను.

అత్తయ్యకి చెప్తే, ‘అక్కడ పైఅంతస్తులో ఏటి చేస్తానమ్మా’ అన్నారు గానీ, సాయంత్రం వాకర్ పట్టుకుని పది అడుగులకి బదులు పద్నాలుగు వేశారు.

టికెట్ సంగతి అడుగుదామని ఇందాక బావగారికి చేశాను. రింగయింది, ఎత్తలేదు. రాత్రి మళ్లీ చేస్తాను.